పుర్రచేతి గిటారు

సంగీతం ఊరంట, బస్సు దిగి అరగంటయింది, ఇంతవరకు చెవిన పడినవి ఆటో హారన్లూ సెల్‌ఫోన్ కొట్ల మైకులూ, ఇదేనా విజయనగరం అంటే అని కూర్మయ్య అనుకున్నాడు, సంగీతం కాలేజీ ఎటు అని అడిగితే టీకొట్టువాడు గడ్డం పైకెత్తి కోటవైపు చూపించాడు తప్ప నోరు విప్పలేదు, ఊరికి పేరుంటే అందులో తనకీ ఒక వాటా ఉన్నట్టు ఆ పొగరు, ఎంత దూరమే ఇంకా అంటే ముందు నడుస్తున్న అనూరాధ వెనక్కి తిరక్కుండానే, గంటస్తంభం దాటితే వస్తాది నాన అంది, నాన అంది, అదే గొప్ప, తల్లి పోయిన ఈ రెండేళ్లలో కూతురు తనతో మాట్లాడినవన్నీ ఒక పలకమీద పట్టేస్తాయి, అన్నం పెట్టాను, కాలేజీకి ఎల్తన్నాను, తలుపేసుకో, అంతే, ఇంటరులో మంచి మార్కులొచ్చాయి కదా ఏటి కావాలో అడగవే అని పది రోజులు పోరితే చివరికి ఒకే ఒక్కటి అడిగింది, గిటారు, రాజాం హాస్టల్లో ఉండే ఎవరో స్నేహితురాలి దాన్ని వాయించిందట, ఫోనులో చూసి నేర్చుకుందట, నెట్టు ఉచితంగా ఇస్తే పిల్లగుంటలంతా విద్వాంసులే, అయినా రెండేళ్లకి అడిగిన మొదటి కోరిక, కాదంటే మళ్లీ నోరు తెరవదు, ఆ సంగతి కూర్మయ్యకి తెలుసు, అందుకే చొక్కా మడత విప్పి తొడుక్కుని, సంగీతం కాలేజీ దగ్గరే ఆ కొట్లుంటాయంటే ఇంతదూరం వచ్చాడు.

మొదటి కొట్టులో గిటార్లని మెడలు పట్టి వేలాడదీశారు, సంతలో కోళ్లని కాళ్లు కట్టి వేలాడదీసినట్టు, కోడికైనా కొంత బరువుంటుంది, ఇవి వేలితో కొడితే మందుల పెట్టెలా డొల్లగా మోగాయి, కొట్టువాడు రమేష్‌బాబట, చెవికి పోగు, తనని అంకుల్ అన్నాడు, ఎవడికిరా అంకులు, ఒకటి దింపి ఒళ్లో పెట్టుకుని ఏదో ముక్క వాయించాడు, ఇంకోటి దింపి అదే ముక్క వాయించాడు, మూడోదాని మీదా అదే, ఈ ఊళ్లో వీడికి వచ్చిన సంగీతం అంతా అదన్నమాట, మా ఊరి డప్పుల ఎల్లాజీ తాగి పడిపోయి కూడా ఇంతకంటే ఎక్కువ వాయిస్తాడు, అనూరాధ చేతికి ఇస్తే తిరగేసి పట్టుకుంది, కుడిచెయ్యి మెడమీద, ఎడంచెయ్యి తీగలమీద, రమేష్‌బాబు నవ్వాడు, తల్లకిందులుగా పట్టుకున్నావమ్మా అన్నాడు, నాది పుర్రసెయ్యండి, పుర్రసేతోలకి వేరే గిటారుంతాది కదా అంది అనూరాధ, అలాంటివి మన వైపు రావు, ఎవరు కొంటారు, చిన్నపిల్లవే కదా, చెయ్యి మార్చేసుకో, నెల్రోజుల్లో అలవాటైపోద్ది, ఏమంటారంకుల్ అన్నాడు, వీడి నోటినుంచి వచ్చిన తెలివైన మాట ఇదొక్కటే అనుకుని కూర్మయ్య తలూపాడు, అనూరాధ గిటారు తిరిగిచ్చేసి బయటికి నడిచింది.

మార్చుకోవడం ఎంత సేపు, దీని తల్లి మార్చుకోలేదూ, దేముడమ్మ కాపరానికి వచ్చిన ఏడాది పుట్టింటి నుంచి కొడవలి తెచ్చుకుంది, వాళ్ల ఊరి కమ్మరి ప్రత్యేకం దాని ఎడంచేతికి పళ్లు కొట్టి ఇచ్చిన కొడవలి, అదేదో పెద్ద సారె అయినట్టు, వరికోతలో పదిమంది వరస కట్టి కుడిచేత్తో కోసుకుపోతుంటే ఇదొక్కతీ ఎడంచేత్తో ఎదురు కోత, పక్కవాళ్ల మోచేతులకి తగిలేది, చేలో ఆడవాళ్లు నవ్వేవారు, ఒరే కూర్మయ్యా నీ పెళ్లాం ఎనక్కి కోస్తందిరా అని జగ్గమ్మత్త గట్టుమీంచి కేకేసింది, పరువు పోయింది, ఆ సాయంత్రమే కొడవలి తీసుకెళ్లి పాతినుము వాడికి వేసేశాడు, మర్నాడు చేతికి కుడి కొడవలి ఇచ్చాడు, ఆ కోతల్లో మూడుసార్లు వేలు తెగింది, గుడ్డపీలిక కట్టుకుని కోసింది, నోరెత్తలేదు, మరుసటేడు వరసలో అందరిలాగే కోసింది, మనిషిని దార్లో పెట్టానని నలుగురిలో చెప్పుకున్నాడు, చెప్పుకోవలసిందే, ఒంగని చెట్టుంటుందా.

రెండో కొట్టు పెద్దది, భజన మేళాలకి హార్మోనియాలు, స్కూలు బ్యాండులకి డ్రమ్ములు, యజమాని నరసింగరావు నుదుట మూడు వేళ్ల విభూతి, గల్లాపెట్టె మీద దేవుడి పటాల వరస, సంగతి విని ముఖం చిట్లించాడు, ఎడంచేత్తో ముట్టుకుంటారటండీ సరస్వతిని, ఆడపిల్లకి మొదట్లోనే నాలుగు తగిలించి మాన్పించాల్సింది, తండ్రి మీరు, మీరేం చేస్తున్నారు అన్నాడు, ప్లాస్టిక్ కవరు ఊడదీయని ఈ డబ్బాలో సరస్వతి ఉందట, దానికి ఈయన పూజారట, కూర్మయ్యకి ఒళ్లు మండింది, అన్నం గరిటె ఎడంచేత్తో పట్టుకుంటావేటే, దరిద్రం సుట్టుకుంతాది అని తన తల్లి అరిచేది దేముడమ్మ మీద, తర్వాత తనే అరిచేవాడు, గరిటె కుడిచేతికి మార్చుకుని వడ్డిస్తే పులుసు విస్తరి దాటి ఒలికేది, దానికీ తిట్టేవాడు, అవన్నీ ఇంటి మాటలు, తను అన్న మాటలు, వాటిని ఈ విభూతిగాడు తనకే అప్పజెప్పడం ఏమిటి, మీ సరుకు మీ దగ్గరే ఉంచుకోండి బాబూ అని మెట్లు దిగేశాడు, ఎందుకంత కోపమొచ్చిందో అర్థం కాలేదు, అనూరాధ కూడా వింతగా చూసింది.

మూడోది కొట్టు కాదు, సందులో ఒక అరుగు, లక్క వాసన, గోడవార మెడ విరిగిన వీణ, తీగల్లేని ఫిడేళ్లు నాలుగు, మధ్యలో కళ్లద్దాలు ముక్కుమీదకి జారిన నారాయణమూర్తి, మా తాతలు పనసమాను తొలిచి వీణలు చేశారు, నేను అట్టముక్కల గిటార్లకి తీగలు కట్టుకుంటున్నాను, కూర్చోండి అన్నాడు, లోకమంటే తనకెంత ఏవగింపో ఈ ముసలాడికీ అంతే ఉన్నట్టుంది, అయినా నచ్చలేదు, ఏవగింపు తన చేలో పండిన పంట, ఇంకొకడు కోసుకుంటే తను సహించడు, సంగతి విని, మూలనున్న గిటారు ఒళ్లోకి తీసుకుని ముసలాడు చెప్పాడు, పుర్రచేతికి చెయ్యొచ్చు, తీగలు అటువి ఇటు, ఇటువి అటు వెయ్యాలి, ఇదిగో మెడ చివర తీగలు ఆనే ఈ ఎముక పట్టీ, దీని మీది గాట్లు లావు తీగకి లావుగా సన్నదానికి సన్నగా ఉంటాయి, ఊరికే తీగలు మారిస్తే కూర్చోవు, పట్టీ పీకేసి కొత్తది చెక్కాలి, గంట పని, కానీ ఒకమాట, ఒకసారి మార్చాక ఇది కుడిచేతి వాళ్లెవరికీ పనికిరాదు, రేపు అమ్మాయికి మోజు తీరిపోతే ఎవరూ కొనరు, నేనూ వెనక్కి తీసుకోను, ఆలోచించుకోండి అన్నాడు.

అనూరాధ తండ్రి ముఖంలోకి చూసింది, ఏం కనబడిందో, ఒద్దులే నాన అంది, ఉన్నదున్నట్టు తీసుకుందాం, అమ్మ మార్సుకోలేదేటి, నేనూ మార్సుకుంతాను అంది, ఆ గొంతులో అలక లేదు, ఏడుపు లేదు, గుడ్డపీలిక కట్టుకుని మళ్లీ వరసలో వంగిన మనిషి గొంతు అది.

అవును, మార్చుకుంది, ఇరవై రెండేళ్లు కుడిచేత్తోనే వడ్డించింది, కుడిచేత్తోనే కోసింది, కడదాకా, శ్రీకాకుళం ఆస్పత్రిలో కూడా, లేదు, ఆస్పత్రిలో కుడిచేతికి సెలైను సూది ఉంది, మణికట్టు కింద చెక్క పెట్టి పట్టీ చుట్టారు, ఆ చెయ్యి కదపొద్దని నర్సు తన ఎదుటే చెప్పింది, మరి పదకొండు రోజులు ఏ చేత్తో తింది, పళ్లెం రాగానే అనేది, మావా, నువ్వెల్లి టీ తాగీసి రా, బేగి రాకు, నిదానంగా రా, పొద్దున ఇడ్లీకి అదే మాట, మధ్యాహ్నం అన్నానికి అదే మాట, రాత్రి రొట్టెకి అదే, చూశారా, మంచం మీదుండి కూడా నా టీ గురించే దాని ధ్యాస అని దినం నాడు వచ్చినవాళ్లందరికీ చెప్పాడు, ఒకరోజు టీకొట్టు మూసేసి ఉంటే వెంటనే తిరిగొచ్చాడు, దేముడమ్మ ఎడంచెయ్యి దుప్పటి కింద ఉంది, దుప్పటిమీద ఇడ్లీ ముక్క పడి ఉంది, బుగ్గ ఉబ్బి ఉంది కాని నమలడం లేదు, తననే చూస్తోంది, వికారమేమో అనుకుని బేసిను పట్టాడు, తల అడ్డంగా ఊపింది, ఆ తర్వాత పళ్లెంలో మిగిలింది ముట్టుకోలేదు, ఎందుకే తినవు అని కసిరాడు.

పట్టీ పీకీయ్, బాబూ, పుర్రసేతికి సేసీయ్ అని తన గొంతు తనకే వినబడింది, ముసలాడు ఉలి తీసుకున్నాడు, కూర్మయ్య ఆ వైపు చూడలేదు, అరుగు అంచున కూర్చుని సందు చివర ఎండలోకి చూస్తున్నాడు, దేముడమ్మ అడిగింది తన టీ కోసం కాదు, తను బయటికి పోతే తప్ప ఆమె అన్నం తినలేకపోయింది.