నా కడుపులో చెరువు

నేను ఒక కారుని. పాతదాన్ని. వయసు అడక్కండి, నా లైట్లు గుండ్రంగా ఉన్నాయంటే మీరే లెక్క వేసుకోండి. ఇప్పటి కార్లకి ఎవరిమీదో కోపం వచ్చినట్టు కళ్ళు పెడుతున్నారు. మా రోజుల్లో కారంటే కళ్ళు ఇంత చేసుకుని లోకాన్ని చూసేది. నన్ను చేసినవాళ్ళు ఇనుము దగ్గర పిసినారితనం చూపించలేదు. నా తలుపు వేస్తే వీధి చివరింటి వాళ్ళు ఉలిక్కిపడేవాళ్ళు.

నా మొదటి యజమాని పార్వతీపురంలో ఒక డాక్టరుగారు. నాకోసం నాలుగేళ్ళు ఎదురుచూసి, తీరా వచ్చాక మాసిపోతానని గుడ్డ కప్పి షెడ్డులో పెట్టి, ఆయన రోగుల ఇళ్ళకి రిక్షాలో వెళ్ళేవారు. తర్వాత బొబ్బిలి సినిమా హాలాయన. ఆయన నా నెత్తిన నాలుగు బెజ్జాలు కొట్టించి, మైకు బిగించి, రోజుకి మూడాటలంటూ ఊరంతా అరిపించాడు. మర్యాదస్తురాలిని, ఏం చెయ్యను, అరిచాను. అక్కణ్ణించి విజయనగరం వచ్చాను. కొన్నది భానోజీరావు మాస్టారి నాన్నగారు.

మాస్టారు నా స్టీరింగు మీదే డ్రైవింగు నేర్చుకున్నారు. గేరు తప్పుగా వేసినప్పుడల్లా పక్క సీట్లోంచి నాన్నగారి మొట్టికాయ. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఇప్పటికీ గేరు కిర్రుమంటే మాస్టారు తల కాస్త పక్కకి వంచుతారు. నన్ను అమ్మెయ్యమన్న వాళ్ళకి ఆయన చెప్పేది ఒకటే. "నాన్న పక్కన కూర్చున్నట్టుంటుందిరా. ఎలా అమ్మను?"

ఆ మాటకే నేను ఇన్నాళ్ళు తుప్పుని పళ్ళ బిగువున ఆపుకుంటూ వచ్చాను. కానీ మూడు వానాకాలాల కిందట నాకొక జబ్బు పట్టుకుంది. వాన పడితే చాలు, ముందు సీట్ల కాళ్ళ దగ్గర నీళ్ళు. ఎక్కణ్ణించి వస్తున్నాయో తెలీదు. నన్నడిగితే నాకూ తెలీదు. మీ కడుపులో ఏముందో మీకు తెలుస్తుందా? నాకున్న నోరు హారను ఒక్కటే, దానికొచ్చింది ఒక్కటే ముక్క.

మాస్టారు ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో సైన్సు చెప్పారు. నీళ్ళు పల్లానికే పారతాయని ఎన్ని వందల మంది చేత రాయించారో! అలాంటి మనిషి ఇంట్లో, ఆయన సొంత కార్లో, నీళ్ళెక్కణ్ణించి పారుతున్నాయో ఆయనకి అంతు చిక్కలేదు. ముందు నా నెత్తిమీది పాత బెజ్జాల్ని అనుమానించి పూడ్పించారు. తర్వాత అద్దం చుట్టూ రబ్బరు మార్పించారు. అప్పుడు మెకానిక్ లోవరాజు నా కింద పడుకుని, గంభీరంగా బయటికొచ్చి తీర్పు చెప్పాడు.

"అడుగున బెజ్జాలున్నాయి మాస్టారూ. రోడ్డుమీద నీళ్ళు అక్కణ్ణించే ఎగదన్నుతున్నాయి."

ఓరి నాయనా! ఆ బెజ్జాలు లోపలి నీళ్ళు బయటికి పోవడానికిరా! నేను మొత్తుకున్నా వినేదెవరు? లోవరాజు డబ్బాడు తారు కాచి ఒక్క బెజ్జం మిగల్చకుండా మూసేశాడు. దాంతో ఇన్నాళ్ళూ ఎలాగోలా కారిపోయే నీళ్ళు కూడా లోపలే స్థిరపడ్డాయి. వారం తిరక్కుండా ఒక కప్ప కాపురం పెట్టింది.

ఇక్కడ మాస్టారి భార్య నూకరత్నం గారి గురించి చెప్పాలి. ఆవిడ చేతి చలవ వల్లే నేనింకా తిరుగుతున్నానని ఆవిడ నమ్మకం. పెళ్ళయి వచ్చిన ఏడాది నుంచి ఏటా దసరాకి నాకు ఆయుధపూజ ఆవిడే చేస్తారు. పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు, మెడలో బంతిపూల దండ. చివర్లో దోసిలినిండా అక్షతలూ పూలరేకులూ తీసుకుని ముందు అద్దం మొదట్లో పోసి, "మా ఆయన్ని క్షేమంగా తిప్పమ్మా" అని దణ్ణం పెట్టుకుంటారు. ఇరవై ఏడు దసరాలు, ఒక్కటీ తప్పలేదు. ఆ ఒక్కరోజు నేను పెళ్ళికూతుర్ని.

అలాంటావిడకి ఆషాఢంలో ఒళ్ళు మండింది. చెల్లెలి మనవడి బారసాలకి కొత్త గద్వాల చీర కట్టుకుని నా ముందు సీట్లో కూర్చున్నారు. కోట జంక్షన్ దగ్గర గేదె అడ్డొచ్చి మాస్టారు సడన్ బ్రేకు వేశారు. వెనక సీటు కిందున్న నీళ్ళన్నీ ఒక్క అలగా ముందుకొచ్చి ఆవిడ మోకాళ్ళదాకా ఎక్కాయి. కప్పతో సహా.

"చాలండీ," అన్నారావిడ, చీర పిండుకుంటూ. "భీమిలి రిసార్టాయన ఎన్నిసార్లు అడిగాడు! దీని టాపు కోసేసి, మట్టి నింపి, గేటు దగ్గర పూలకుండీ చేసుకుంటాడట. దసరా లోపల ఈ నీళ్ళు ఆగాయా సరేసరి. లేదంటే ఇచ్చెయ్యండి."

"సరే," అన్నారు మాస్టారు. పూలకుండీ! నాలుగు బెజ్జాలకే ఏడ్చినదాన్ని, టాపు మొత్తం కోస్తారంటే నా ప్రాణం ఎక్కడుంటుంది?

చెప్పొద్దూ, అప్పటికే నేను సగం కుండీ అయిపోయి ఉన్నాను. శ్రావణంలో మ్యాటు ఎత్తితే కింద మూలన చిన్న మొలక. లేతాకుపచ్చగా, రెండాకులేసుకుని. మాస్టారు దాన్ని పీకలేక, గేటు పక్కన డబ్బాలో నాటి, ఇది కార్లోకి ఎలా వచ్చిందబ్బా అని గడ్డం గోక్కున్నారు.

మర్నాడు ఆయన ప్రయోగం మొదలుపెట్టారు. నా లోపల అంచులన్నిటికీ పౌడరు జల్లి, చేతిలో టార్చితో డాష్‌బోర్డు కింద తల దూర్చి పడుకున్నారు. నీళ్ళొస్తే పౌడరు మీద చార పడుతుందట. బయట నూకరత్నం గారు తోట పైపు పట్టుకున్నారు. అద్దాలన్నీ బిగించేశారు కాబట్టి ఇద్దరూ కేకలే.

"టాపు మీద పొయ్యి!"

"పోస్తున్నా! వచ్చాయా?"

"లేదు! తలుపు మీద!"

"ఇప్పుడో?"

"లేదు!"

అరగంట ఇదే వరస. ఆవిడకి విసుగొచ్చింది. పైపు అద్దం మొదట్లో పడేసి, జారిన కొంగు బిగించుకుంటున్నారు. లోపల్నించి గావుకేక వినిపించింది.

"వచ్చాయి! నెత్తిమీదే పడుతున్నాయి! ఎక్కడ పోశావు?"

"నేనేం పొయ్యలేదండీ! పైపు కింద పెట్టానంతే!"

మాస్టారు బయటికొచ్చారు. పౌడరూ నీళ్ళూ కలిసి మొహమంతా పిండి. ముందు అద్దం మొదట్లో, గాలి కోసం సన్నటి జాలీ ఉంటుంది నాకు. అందులో పడ్డ నీళ్ళు కిందికి పోవడానికి లోపల ఒక రబ్బరు గొట్టం. అది ఉందన్న సంగతి నేనే మర్చిపోయాను. "నువ్వెళ్ళి కాఫీ పెట్టు," అని ఆవిడని పంపి, ఆయన జాలీ విప్పి, తీగతో గొట్టం కెలికారు.

ముద్ద ఊడిపడింది. నల్లగా, పిడికిలంత. మాస్టారు విప్పి చూశారు. కుళ్ళిన బంతిరేకులు, దారం పోగులు, పసుపు అంటిన బియ్యపు గింజలు. కింద నా పేగు ఖాళీ అయి నీళ్ళు గలగలా నేలమీదికి పారాయి. అబ్బ, ప్రాణం లేచొచ్చింది! మాస్టారు మాత్రం నేలమీద కూలబడ్డారు. గేటు దగ్గరి మొలక వైపు ఒకసారి, వంటింటి కిటికీ వైపు ఒకసారి చూశారు. ఆ ముద్దని గబగబా పేపర్లో చుట్టి జామచెట్టు కింద పాతిపెట్టారు.

"ఏమిటండీ అడ్డం పడింది?" కాఫీ తెస్తూ అడిగారావిడ.

"తుప్పు," అన్నారు మాస్టారు, కాఫీ వైపు చూస్తూ.

లోవరాజు వచ్చి సిగ్గుపడుతూ తారు గీకేశాడు. కప్ప తనంతట తనే ఖాళీ చేసి వెళ్ళింది. వానలు దంచికొట్టాయి, నా కడుపు పొడిగా ఉంది. కానీ దసరా దగ్గర పడేకొద్దీ నాకు గుబులు. మళ్ళీ దోసిలి పోస్తే మళ్ళీ చెరువే. చెబితే ఆవిడ మనసు ముక్కలవుతుంది, చెప్పకపోతే నేను ముక్కలవుతాను. మాస్టారు రోజూ నా సైడు అద్దం ముందు నిలబడి ఎలా చెప్పాలో సాధన చేసుకున్నారు.

పూజ రోజొచ్చింది. దండ పడింది, నిమ్మకాయలు పడ్డాయి. ఆవిడ పళ్ళెంతో బానెట్టు దగ్గరికొచ్చారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"రత్నం, ఈసారి పూలు కాస్త..."

"కాస్త?"

"కాస్త ఎక్కువే వెయ్యి."

నేను ఆశ వదిలేసుకున్నాను. ఇంత పిరికి మనిషినా నేను ఇన్నేళ్ళు మోసింది!

నూకరత్నం గారు పళ్ళెం పక్కన పెట్టారు. మాస్టారి భుజం మీది కండువా లాగి, నా జాలీ మీద నిండుగా పరిచి, అంచులు నాలుగువైపులా దోపారు. దాని మీద దోసిలి పోశారు. చివరగా గేటు పక్క డబ్బాలో పూసిన మొదటి బంతిపువ్వు తెచ్చి ఆ కుప్ప మీద పెట్టారు.

"తుప్పుకి దారం పోగులుంటాయా మాస్టారూ?" అన్నారు నెమ్మదిగా. "వంటింటి కిటికీ నాకూ ఉంది."

"మరి ఇన్నాళ్ళూ ఏమీ అనలేదేం?"

"మీరు చెబుతారేమోనని చూశాను. మీ నాన్నగారి బండి పోయినా ఫరవాలేదనుకున్నారు గానీ నన్ను నొప్పించలేకపోయారు కదా." ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఎక్కండి. వానొచ్చేలా ఉంది, ఒక రౌండు తిప్పండి."

కోట దగ్గరికి వచ్చేసరికి వాన జోరందుకుంది. ఆవిడ చెప్పులు విడిచి, ఒట్టి పాదాలు నా నేలమీద ఆనించారు. అప్పుడే ఫోను మోగింది. రిసార్టాయన. ఆవిడే ఎత్తారు.

"కుండీ కావాలంటే కుమ్మరి వీధిలో దొరుకుతుంది బాబూ," అన్నారు. "ఇది మా కారు."

మాస్టారు సంతోషంలో గేరు తప్పుగా వేశారు. కిర్రుమంది. ఆయన తల పక్కకి వంచేలోగా పక్క సీట్లోంచి మొట్టికాయ పడింది.