ఇవాళ్టికి ఒక్క మాట

గురునాథం మళ్ళీ కన్‌స్ట్రెయింట్ చెరిపి బౌండ్ అని కొట్టాడు. అదీ నచ్చక రిక్వైర్‌మెంట్ అని మార్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ముక్కు మీది ఎర్రటి నొక్కులు రుద్దుకున్నాడు. కొత్తగా ప్రోగ్రామింగ్ నేర్చుకునేవాళ్ళ కోసం కంపెనీ వేస్తున్న పుస్తకం అది. రాసిన ఇంజినీర్లు ముగ్గురు, దిద్దేవాడు ఈయనొక్కడు. ఏ రకం డేటానైనా వరసగా పేర్చిపెట్టే కోడు ఒకటుంది. ఏ రకమైనా సరే, అందులో ఏది పెద్దో ఏది చిన్నో తేలాలి, అంతే షరతు. ఆ షరతుకి ముగ్గురూ మూడు పేర్లు పెట్టారు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవంటారు, పాపం ఈయన ఒరలో మూడు.

చదివే పిల్లలు మూడూ వేరనుకుని తికమకపడతారని ఆయన బెంగ. ఈ సాయంత్రానికి తేలకపోతే ఇక తేల్చేవాళ్ళు లేరు. ఆయన కాంట్రాక్టు ఇవాళ్టితో సరి. ఆ సంగతి ఇంజినీరమ్మాయి అక్షరకి చెప్పలేదు. చెబితే జాలిపడి, ఏదంటే దానికి సరేనంటుంది.

మధ్యాహ్నం ఎప్పటిలాగే ముందు వెళ్ళి, తిండి దుకాణాలుండే హాకర్ సెంటర్‌లో టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోప్ చేశాడు, అంటే చోటు పట్టాడు. ప్యాకెట్ ఉన్నచోట ఈ ఊళ్ళో ఇంకొకరు కూర్చోరు. అక్షర చేపల సూపుతో వచ్చింది.

"కన్‌స్ట్రెయింట్ అంటే అడ్డుకోవడమా అమ్మా, అడగడమా?"

"రెండూ అంకుల్. కండిషన్ మీట్ అయితే ఏ టైప్ అయినా ఓకే. లేకపోతే నో ఎంట్రీ."

"ఈ టిష్యూ లాగానా?"

అక్షర నవ్వింది. "అయ్యో, ఇది మనిద్దరికే కదా. కోడ్‌లో అయితే ఎవరైనా కూర్చోవచ్చు, చేతిలో ప్లేటుంటే చాలు."

"అయితే ప్లేటు తెచ్చుకోమని చెప్పాలిగా. రిక్వైర్‌మెంట్ అందామా?"

"బయట బుక్స్‌లో ఎక్కువ కన్‌స్ట్రెయింట్ అనే ఉంటుంది అంకుల్. రేపు లంచ్‌లో డిసైడ్ చేద్దాం లెండి."

రేపు అనేసరికి గురునాథం చెంచా కింద పెట్టాడు. తల మాత్రం ఊపాడు.

సాయంత్రం పుస్తకమంతా కన్‌స్ట్రెయింట్ అనే మార్చాడు. పిల్లలకి బయట ఎదురయ్యే మాట అదే మరి. మొదటిసారి వచ్చినచోట మాత్రం ఒక వాక్యం చేర్చాడు: 'ఎవరైనా రావచ్చు, ఈ ఒక్కటి తెచ్చుకోవాలి.' సరిగ్గా చేశాడో లేదో ఆయనకే తెలియలేదు. దిగులుగా ఉంది.

బల్ల తుడిచి, కప్పు సంచిలో వేసుకుని, ఆఫీసు కార్డు అప్పగించాడు. తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చాడు. జేబులోంచి తీసి పెట్టాడు గానీ, ఎవరి కోసమంటే చెప్పలేడు.

ఖాళీ బల్ల మీద సగం వాడిన టిష్యూ ప్యాకెట్ చోటు పట్టుకుని ఉంది.