అక్క దబ్బనం

మా షెడ్డులో ఎవరి దబ్బనం వాళ్లదే. ఇదివరకు అలా కాదు. చిరిగిన గోనెసంచులు లారీలో వస్తాయి, మేం ఆడవాళ్లం గోడకి ఆనుకుని వరసగా కూచుని వాటిని పురికొసతో కుడతాం. దబ్బనాలన్నీ మేస్త్రమ్మ దగ్గర రేకుడబ్బాలో ఉండేవి, ఎవరి చేతికి ఏది దొరికితే అది. అక్క పోయాక ఆ డబ్బా కూడా పోయింది. ఇప్పుడు ప్రతి ఒక్కతీ తన దబ్బనాన్ని గుడ్డలో చుట్టి, మొగుడు చేయించిన నగలాగా బొడ్లో దోపుకుని వస్తుంది.

ఎందుకంటే, అక్కకి ఆ జబ్బు దబ్బనంతోనే అంటుకుందని అందరూ తీర్మానించేశారు. ఎవరికో గుచ్చుకున్నదే మళ్లీ అక్కకి గుచ్చుకుందట. ఆ ఎవరో ఎవరని అడిగితే నోరు మెదపరు. చెప్తే ఆవిడకీ జబ్బుండాలి కదా. అంత దూరం ఆలోచించే ఓపిక మావాళ్లకి లేదు.

అక్క కంటే ముందు అక్క కూతురు పోయింది, ఏడాది నిండకుండానే. తర్వాత అక్క. అక్క పోయిన మర్నాడు అత్తయ్య ఇల్లంతా ఏరి ఏరి శుభ్రం చేసింది. అక్క కంచం పెరట్లో పూడ్చిపెట్టింది. దువ్వెన, దుప్పటి, పిల్ల ఉయ్యాల కాల్చేసింది. అక్క ఆఖరున కుట్టింది దీంతోనే అంటూ ఒక దబ్బనాన్ని పట్టకారుతో పట్టుకెళ్లి షెడ్డు వెనకాల పాడుబావిలో పడేసింది. ఇక ఇంట్లో పొయ్యి వెలిగించే దిక్కు లేదంటూ నన్ను తెచ్చి బావకి కట్టబెట్టారు. పెళ్లయినా నేనాయన్ని బావా అనే పిలుస్తాను. ఇంకోలా పిలవాలంటే నోరు తిరగదు.

షెడ్డులో అక్క చోటు నాకే దక్కింది. ఇంకెవరూ అక్కడ కూచోడానికి ఒప్పుకోలేదు మరి. అక్కడ గోడ మీద అక్క తల ఆనించి ఆనించి పడిన నూనెమరక ఉంది. మేస్త్రమ్మ సున్నం వేయించినా, వాన పట్టగానే మళ్లీ తేలింది. నేను వెనక్కి వాలితే నా తల సరిగ్గా ఆ మరక మీదికే వస్తుంది. మా ఇద్దరిదీ ఒకే ఎత్తు. మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు నా పక్కన పురికొస సర్రున లాగిన చప్పుడయ్యేది, ఆ వెంటనే పళ్లతో టప్పున తెంపిన చప్పుడు. అక్క అలాగే తెంపేది. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు. ఒళ్లు జలదరించేది. అబద్ధమెందుకు, కాస్త హాయిగా కూడా ఉండేది.

నాకు నెల తప్పాక ఆ హాయి పోయింది. పిల్ల బతుకు తెగినట్టే, అక్క ఇలా లాగి అలా తెంపేసేది. ఆ టప్పుమన్న చప్పుడు వినపడినప్పుడల్లా నా చెయ్యి పొట్ట మీదికి పోయేది.

అలాంటి రోజుల్లోనే నర్సమ్మ షెడ్డుకొచ్చింది. "హెచ్ఐవీ పరీక్ష చేస్తున్నామమ్మా. కడుపుతో ఉన్నవాళ్లు తప్పకుండా రావాలి, మిగతావాళ్లూ రండి. వేలి మీంచి ఒక్క చుక్క. సంగతి మూడో మనిషికి తెలీదు" అంది.

"మాకెందుకమ్మా? ఎవరి దబ్బనం వాళ్లదే ఇక్కడ" అంది మేస్త్రమ్మ గొప్పగా. బడిపిల్లలు గోళ్లు చూపించినట్టు అందరూ దబ్బనాలు తీసి చూపించారు.

నర్సమ్మ ఆ వరసంతా ఓసారి చూసింది. తర్వాత, "దబ్బనాన్ని వదిలేయండమ్మా. కంచంతో రాదు, దుప్పటితో రాదు. పక్కలో మనిషికి ఉంటే వస్తుంది. మొగుడూపెళ్లాల్లో ఒకరికుంటే రెండోవాళ్లకి చూడాల్సిందే" అంది.

అందరూ తలలు దించి కుట్టుపనిలో పడ్డారు. నావైపు ఒక్కరూ చూడలేదు. కంచం పూడ్చారు, దుప్పటి కాల్చారు, దబ్బనాన్ని బావిలో పడేశారు. బావకి మాత్రం కొత్త చొక్కా తొడిగి నా పక్కన కూచోబెట్టారు.

ఆ పూట భోజనాల దగ్గర, "అత్తయ్యా, రేపు పరీక్షకి వెళ్తాను" అన్నాను.

"ఏం, మాకుందని ఊరంతా చాటుకోడానికా? మీ అక్క వెళ్లొచ్చింది, వెళ్లొచ్చిన నెలకే మంచం పట్టింది." అత్తయ్య దృష్టిలో అక్కని చంపింది ఆ పరీక్షే.

"అప్పుడు బావకీ చేయించారా?"

"వాడికేం రోగం? దుక్కలా ఉన్నాడు."

బావ చెయ్యి కడుక్కుని, అటక మీంచి సీసా తీసి మాత్ర మింగాడు. గ్యాస్ మాత్ర. పట్నం వెళ్లినప్పుడు తెచ్చుకుంటాడు, గుర్తొచ్చిన రోజు వేసుకుంటాడు.

నేను వెళ్లాను. నర్సమ్మ తలుపు మూసి వేలికి గుచ్చింది. ఆ చిన్న పట్టీ మీద గీతలు తేలేదాకా గోడకేసి చూస్తూ కూచున్నాను. పెద్దాసుపత్రిలో ఇంకోసారి చూశాక ఖాయంగా చెప్పారు. ఉంది.

"నా బిడ్డ కూడా పోతుందా?" అని అడిగాను. ఇంకేం అడగాలో తోచలేదు.

"పోనివ్వం. మీ అక్క మరీ ఆలస్యంగా వచ్చింది, నువ్వు తొందరగా వచ్చావు. మాత్రలు ఒక్కరోజూ మానకు, కాన్పు ఆసుపత్రిలోనే కావాలి. చాలావరకు బిడ్డకి రాకుండా ఆపొచ్చు. నువ్వూ బతుకుతావు" అంటూ నర్సమ్మ బల్ల మీద సీసా పెట్టింది. తెల్లసీసా, నీలం మూత, నడుముకి ఆకుపచ్చ చార.

"ఇవి గ్యాస్ మాత్రలు కదా?" అన్నాను.

"ఎవరన్నారు?" అంది నర్సమ్మ. నా మొహం చూసి ఇంక రెట్టించలేదు.

ఇంటికెళ్లేసరికి బావ భోంచేస్తున్నాడు. స్టూలెక్కి అటక మీది సీసా దించి, నా సీసా పక్కన పెట్టాను. కవలపిల్లల్లా ఉన్నాయి. బావ చెయ్యి కంచంలోనే ఆగిపోయింది.

"పెళ్లికి ముందే తెలుసా, బావా?"

"మందులేసుకుంటే ఏం కాదన్నారు" అని గొణిగాడు.

"ఎవరికి?"

ఆ మనిషిని అక్కడికక్కడే చీల్చెయ్యాలన్నంత కోపం వచ్చింది నాకు. అత్తయ్య సీసాలకేసి చూసింది, కొడుకుకేసి చూసింది. చూస్తూ చూస్తూనే, అలవాటైన చెయ్యి కదా, నా కంచాన్ని పక్కకి లాగబోయింది. నేను గట్టిగా పట్టుకున్నాను.

"ముందు మీ అబ్బాయి కంచం తియ్యండత్తయ్యా. అక్క పోక ముందు నుంచీ ఆయన తింటున్నది అందులోనే."

అత్తయ్య చెయ్యి వెనక్కి తీసుకుంది. నేను నా కంచంలోనే పెట్టుకుని తిన్నాను. మాత్ర మింగి, గోడకి తల ఆనించి కూచున్నాను. పోయాక ఈ ఇంట్లోకి ఎప్పుడూ రాని అక్క వచ్చి, నా పక్కనే పురికొస సర్రున లాగింది. ఇప్పుడు తెంపుతుంది, ఇప్పుడు తెంపుతుంది అని పొట్ట పట్టుకుని చూశాను. ఇంకా లాగుతూనే ఉంది.