ఏడు మునకలు

థాయ్‌లాండ్‌లోని థాలే నోయ్ సరస్సులో తామరపిట్ట స్నానాన్ని ఫొటో తీయాలన్నది సుమాలీకి మూడేళ్ళ పిచ్చి. తామరాకుల మీద నడిచే ఆ పొడుగుతోక పిట్ట మిట్టమధ్యాహ్నం గానీ నీళ్ళలోకి దిగదు. ఆ వేళకి పడవవాళ్ళందరూ అన్నాలు తిని చాపల మీద వాలిపోతారు. ఎంత బతిమాలినా ప్రకోబ్ బాబాయ్ తన పడవ తీసేవాడు కాదు. "మధ్యాహ్నం నేను రాను, పో" అనేవాడు. ఎందుకో ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. ముసలాయనకి కునుకు ముఖ్యం కాబోలు అనుకుంది.

జూన్‌లో ఆయనకి జ్వరం తగిలింది. చెప్పాపెట్టకుండా సుమాలీ ఆయన పడవ విప్పుకుని గెడ వేసుకుంటూ వెళ్ళింది. ఆకుల మధ్య చిన్న మడుగు, అందులో పిట్ట! పడవని పక్కనున్న సందులో నిలిపి కెమెరా ఎత్తింది. పిట్ట రొమ్ముదాకా మునిగి రెక్కలు కొట్టుకుంది. లేచి, పడవ మీదుగా ఓ చుట్టు తిరిగి, అరిచి, మళ్ళీ వచ్చి మునిగింది. అలా ఏడుసార్లు. రెండు గంటలపాటు నెత్తి మాడిపోతున్నా సుమాలీ కదల్లేదు. తన పంట పండిందనుకుంది.

ఫొటో అద్భుతంగా వచ్చిందన్న మాట మాత్రం నిజం. రేవు సంఘంవాళ్ళు దాన్ని తలుపంత చేసి టికెట్ల కౌంటరు పక్కన తగిలించారు. కింద 'జలకాలాట' అని రాయించారు.

జ్వరం తగ్గి రేవుకొచ్చిన ప్రకోబ్ దాని ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"ఎన్నిసార్లు మునిగిందమ్మాయ్?"

"ఏడుసార్లు బాబాయ్! నన్ను చూసి మురిసిపోయిందనుకో."

"పడవెక్కడ పెట్టావ్?"

"మడుగు పక్క సందులో."

ఆయన అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "ఆ సందు చివరే దాని గూడుందే తల్లీ. వీటిల్లో పొదిగేది మగపిట్టే. గుడ్ల మీదున్నప్పుడు సరదాకి మునగదు. పొట్ట తడుపుకునిపోయి గుడ్ల మీద కూర్చుంటుంది, అవి ఎండకి ఉడికిపోకుండా. దారికడ్డంగా నువ్వు కూర్చున్నావు. పొట్ట ఆరిపోయినప్పుడల్లా పాపం మళ్ళీ తడుపుకుంది."

"అందుకే రానంటున్నానని ఒక్క ముక్క చెప్పొచ్చుగా!"

"మూడేళ్ళుగా కళ్ళకి అద్దాలు తగిలించుకుని దాన్నే చూస్తున్నావుగా. నీకు తెలుసనుకున్నా."



మర్నాడు తెల్లారగానే ఇద్దరూ వెళ్ళి దూరం నుంచి చూశారు. పిట్ట గూట్లోనే ఉంది.

"కూర్చునే ఉంది బాబాయ్!"

"కూర్చోక? దానికేం తెలుసు. పొదగడానికి ఇరవై ఆరు రోజుల లెక్క. చూద్దాం."

ఆ రోజులు ఆమెకి కంటిమీద కునుకు లేకుండా గడిచాయి. బ్రహ్మాండమైన ఫొటో అని ఎవరైనా మెచ్చుకుంటే మాట మార్చి వెళ్ళిపోయేది. పక్క గూటి పిల్లలు ఆకుల మీద పరుగులు తీస్తున్నాయి. ఈ తండ్రి మాత్రం గడువు దాటి వారమైనా మధ్యాహ్నం గబగబా మునిగి, తడిపొట్టతో వచ్చి అవే గుడ్ల మీద సర్దుకుని కూర్చునేవాడు. అది చూడలేక సుమాలీ మొహం తిప్పుకునేది. గడువు దాటిన తొమ్మిదో రోజున గూడు వదిలి వెళ్ళిపోయాడు. ప్రకోబ్ నాలుగు గుడ్లలో ఒకటి తీసి చెవి దగ్గర ఊపాడు. లోపల కుళ్ళిన నీళ్ళు తొణికాయి.

ఆ సాయంత్రం సుమాలీ పళ్ళెంలో పువ్వులు, కొవ్వొత్తులు పెట్టుకుని, క్షమాపణ అడగడానికి పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళినట్టే ఆయన ఇంటికి వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రకోబ్ పళ్ళెం ముట్టుకోలేదు.

"నాకెందుకిది? నేనేమన్నా పొదిగానా?" అన్నాడు.

పళ్ళెం పట్టుకుని ఆమె రేవుకొచ్చింది. ఫొటో దించేయమంటే, దాన్ని చూసే బేరాలొస్తున్నాయని సంఘంవాళ్ళు ససేమిరా అన్నారు. అప్పుడే బ్యాంకాక్ నుంచి వచ్చిన ఒకావిడ ఫొటో ముందు ఆగిపోయింది.

"అబ్బ, ఎంత హాయిగా ఆడుకుంటోందో! మీరే తీశారటగా? రేపు మధ్యాహ్నం మమ్మల్ని కూడా తీసుకెళ్ళరూ?"

"అది ఆడుకోవట్లేదండీ," అంది సుమాలీ. "నేనెప్పుడు అడ్డు తప్పుకుంటానా అని చూస్తోంది."