తబిత చూడని గడ్డం

ప్రార్థన మందిరంలో మోకాళ్ల లోతు నీళ్లు నిలిచి ఉన్నాయి, అయినా పరిచిన చాపలు తడవడం లేదు, ఎవరూ ఆ నీళ్లను పట్టించుకోవడం లేదు. మగవాళ్ల వైపు నేనొక్కణ్ణే కూర్చున్నాను, ఆడవాళ్ల వైపు తెల్ల ముసుగులు వరసగా గోడ దాకా ఉన్నాయి, గోడ ఉండాల్సిన చోట మా మిరప కల్లం కనిపిస్తోంది, అక్కడ ఆరబోసిన కాయల నడుమ కూడా ముసుగులే. వాటిలోంచి ఒకామె లేచి, ప్రేమవిందుకు వడ్డించినట్టు అన్నం పళ్లెం పట్టుకుని నీళ్లలో నడిచి వస్తోంది. ముఖం తెలియకముందే నడక తెలిసింది. ఎడమ కాలు అట్లా కొంచెం ఈడుస్తూ నడిచేది నా భార్య తబిత. ఆమె పోయాక రెండు పంటలు కోశాను.

పళ్లెం నా ముందు పెట్టి, "ఏ ఊరయ్యా మీది?" అంటుంది.

నన్ను ఎన్నడూ 'మీరు' అనని మనిషి.

"తబితా, నేనే."

"గొంతు మా ఆయనదిలాగే ఉందే" అని వంగి చూస్తుంది. "మా ఆయనకి గడ్డం లేదయ్యా. శనివారం సాయంత్రం నా చేత్తో నేనే గీసి, ఆదివారం నున్నగా మందిరానికి పంపేదాన్ని."

నా కుడి చెయ్యి చూపిస్తాను. బొటనవేలూ, దాని పక్కవి రెండూ లేవు. పెళ్లయిన ఏడాదే చొప్ప కోసే మిషనులో పోయాయి, అప్పటినుంచే గడ్డం పని ఆమెది.

"మిషన్లు చానామంది వేళ్లు తిన్నాయిలే" అంటుంది.

నీళ్లు లేవు ఇప్పుడు. మా ఇంటి గడప మీద కూర్చుని ఉన్నాం, అన్నం పళ్లెం ఉన్నచోట సబ్బునురుగు చెంబు ఉంది, అయినా ఆమె నాకు పరాయి మనిషికి ఇచ్చినంత ఎడం ఇచ్చి, కొంగు సర్దుకుని కూర్చుంది. ఏదో ఒకటి మాట్లాడితే లేచిపోదని మాట్లాడుతున్నాను.

"రేపు ప్రభువు బల్ల ఉంది. ద్రాక్షరసం గిన్నె పట్టేది నేనే. గడ్డం తీసి వస్తేనే పట్టమన్నాడు గమలీయేలు, మా సంఘ పెద్ద."

"గడ్డం ఆయనకేం అడ్డమొచ్చిందంట?"

"మొక్కులున్నోళ్లకే గడ్డాలంట. విశ్వాసి అనేవాడు పెళ్లికి పోయేవాడిలా ఉండాలంట. కుర్రోళ్లేమో, గడ్డం అంచులు గొరగొద్దని బైబిలు ధర్మశాస్త్రంలోనే ఉందని, నేను వాక్యం కోసం నిలబడ్డానని నన్ను చూసి వాళ్లూ పెంచుతున్నారు. మొన్న ప్రార్థనయ్యాక రెండు పక్కలా ఒకటే కేకలు."

"మధ్యలో మీరేమన్నారు?"

"ఏమీ అన్లేదు."

"మా ఆయనా అంతే. ఇల్లు తగలబడుతున్నా అడిగితేనే చెబుతాడు."

నవ్వుతోంది. పరాయివాడితో నా మీద చాడీలు చెబుతూ నవ్వుతోంది. "పటంలో ప్రభువుకి గడ్డం ఉంది గదా" అంటాను.

"ప్రభువుకి పెళ్లాం ఉందా, గుచ్చుకుంటందని చెప్పటానికి?"

వెనక కల్లంలో ముసుగులు ఒక్కొక్కటీ లేస్తున్నాయి, పొద్దు ఎటు ఉందో తెలియడం లేదు, ఇంక టైము లేదని మాత్రం తెలుస్తోంది.

"నాకు వాక్యం తెలియదు తబితా" అంటాను. "నువ్వు గీసిన ముఖం మీద ఇంకొకరి చెయ్యి పడటం ఇష్టంలేక మంగలి దగ్గరికి పోలేదు. నా ఎడమ చేతికి ఆ పని రాదు. అట్టా పెరిగింది. ఇప్పుడు, పరలోకంలో నువ్వు గుర్తుపట్టవేమోనని..."

ఆమె నవ్వు ఆగింది. ఎడం దాటి చెయ్యి చాపింది, వేళ్లు గడ్డంలోకి దూర్చి దవడ కింద వెతుకుతోంది. "మా ఆయనకి ఇక్కడో గాటుండాలి. మొదటిసారి గీస్తుంటే కోడిపెట్ట ఒళ్లోకి దూకింది, బ్లేడు జారింది. తిడతాడనుకున్నా. 'కోడికేమన్నా అయిందా' అన్నాడు."

వేలు ఒకచోట ఆగింది.

"ఏందయ్యా ఈ అవతారం" అంటుంది, ఇంక 'మీరు' లేదు. "ఎడమ చేతికి నేర్పుతానంటానే ఉన్నా. నేర్పకుండానే వచ్చేశా."

"ఉంచుకోనా? తీసెయ్యనా?"

"నీ ఇష్టం. నాకైతే చోటు దొరికింది." లేచింది, నీళ్లు మళ్లీ గడప దాకా వచ్చాయి, ఆమె వాటిలోకి దిగి ముసుగుల వైపు కాలీడుస్తూ పోతోంది, ఎక్కడో గంట మోగుతోంది. తిరిగి చూడకుండానే, "తీసేస్తే మాత్రం కిందినుంచి పైకి లాగమాక. కోసుకుంటావు" అంటుంది.

గంట మా మందిరానిదే. ఆదివారం మొదటి గంట. కళ్లు తెరిచాను. మంచం పక్కన గోడ, గోడమీద అద్దం.

నా ఎడమ చెయ్యి గడ్డంలోకి దూరి ఉంది. చూపుడువేలు దవడ కింద గాటు మీద ఉంది. ఇన్నాళ్లూ పెరిగిన గడ్డం అక్కడ మాత్రం మొలవలేదు; చింతగింజంత మేర నున్నగా ఉంది, ఆమె పంపిన ఆదివారాల్లో ముఖమంతా ఉన్నట్టు.