కాళ్ల కింద పీట

"పీట తీసీయే, ఎవులో వత్తన్నారు."

బయట బండి ఆగితే చాలు, ఢిల్లేశ్వరరావు నోట వచ్చే మాట అదే. జగదాంబ షెడ్డులో ఇనుము చెక్కే లేత్ మిషను ఆపి, కాళ్ల కింది పీట గోడవారకి తోసి, వంటింట్లోకి పోవాలి. పలాస నుంచి జీడిపిక్కలు కోసే మిషన్ల షాఫ్టులు చెక్కించుకోడానికి తెచ్చేవాళ్లకి లేత్ దగ్గర మొగుడే కనబడాలి. "భలే నున్నగా తీసినావు మావా" అని వాళ్లు మెచ్చుకుంటుంటే ఆమె లోపల టీ మరగబెట్టేది. ఒక్కోసారి పంచదార వెయ్యడం మరిచిపోయేది, కావాలనే.

లేత్ ఆమె నాన్నది. ఆమెకి పని నేర్పిందీ ఆయనే; మొగుడికి దాని పిడి తిప్పడం కూడా రాదు. కానీ దాని సిమెంటు దిమ్మ మొగవాడి ఎత్తుకి కట్టింది కాబట్టి ఆమెకి పీట తప్పలేదు. ఓసారి పీట జారి, షాఫ్టుని పట్టుకుని గిరగిరా తిరిగే చక్ మీదికి తూలి, జడ చిక్కబోయి తప్పింది. "సరుకు పాడైపోనాది కదే!" అన్నాడు మొగుడు.

ఆ లేత్ అరిగిపోయింది. కొత్తది, దాంతోపాటు ఇనుములో గాళ్లు కోసే చిన్న మిల్లింగ్ మిషనూ కొనాలనుకున్నారు. రెండూ ఒకేదాన్లో ఉన్నది కొందామన్నాడతను, చూడ్డానికి ఘనంగా ఉంటుందని.

"వద్దు బావా. అందులో ఒక పని తెమిలితే గానీ రెండోది పట్టలేం. దేనికది విడిగా ఉండాల. మిల్లింగుది సిన్నదైనా పరవాలేదు, దాని నిలువు కంబం మాత్రం కదలకూడదు."

టెక్కలిలో మిషన్లమ్మే కొట్లో ఆ మాటలే తనవైనట్టు మొగుడు అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పాడు. "అనుభవం అంటే ఇదండీ!" అన్నాడు కొట్టు యజమాని. పోనీలే అనుకుంది. ఆమెకి కావలసింది ఒక్కటే, దిమ్మ ఎత్తు.

"పనిచేసే మనిషి మోచేతిని బట్టి కట్టించుకోవాల" అని యజమాని టేపు తీశాడు. జగదాంబ తనకు తెలియకుండానే మోచెయ్యి మడిచింది.

"టీ గ్లాసులు పట్టే సెయ్యి సూపిత్తంది సూడు" అని మొగుడు నవ్వాడు. యజమానీ నవ్వి, టేపు అతని మోచేతికి పెట్టాడు.

తిరిగొచ్చే బస్సులో నోరు విప్పి అడిగింది. "ఆడదాని ఎత్తుకి కడితే, ఎవులు సేత్తన్నారో ఊరందరికీ తెలిసిపోదా?" అన్నాడు. అంటే దిమ్మ ఆమెకి అందదని అతనికి తెలుసన్నమాట! ఇన్నేళ్లూ తెలిసే. ఆమెకి ఏడుపు కూడా రాలేదు.

కొత్త దిమ్మల మీద మిషన్లు బిగించారు. పసుపు రాశారు, కొబ్బరికాయ కొట్టారు. జగదాంబ నిలబడి చూసింది. లేత్ పిడి ఆమె రొమ్ముల దగ్గరికొచ్చింది. తిన్నగా లోపలికెళ్లి పాత పీటని విరగ్గొట్టి అన్నం కింద పొయ్యిలో పెట్టేసింది.

"పీటేదే?" అన్నాడతను.

"కాలిపోతంది."

అత్త రత్నాలమ్మ కోడల్ని ఒక్క మాట అనలేదు. తాను భోజనానికి కూర్చునే పీట తెచ్చి చేతిలో పెట్టింది. "తీసుకోయే. నాను కింద కూకుంటానులే." ఆ ప్రేమకే జగదాంబ ప్రాణం చచ్చిపోయింది. ఈ ఇంట్లో పీటలకి కరువు లేదు.

బయట బండి ఆగింది. కొత్త మిషను మీద తన కళ్లముందే షాఫ్టు తియ్యమని ఢిల్లేశ్వరరావుని అడుగుతున్నాడు వచ్చినవాడు. రేపైనా ఆ పీట ఎక్కక తప్పదని ఆమెకు తెలుసు. ఇవాళ మాత్రం దాన్ని పొయ్యి ముందు వాల్చుకుని కూర్చుంది, షెడ్డులో మిషను చప్పుడు ఎప్పుడవుతుందా అని చెవి ఒగ్గి.