నీడని గుంట అనుకుంది

ల్యాండర్ బుధగ్రహం మీద కూలిపోయిన మర్నాడు మధ్యాహ్నం ఆమె బావగారి క్లబ్బులో మాట్లాడాల్సి ఉంది. రాలేనని చెప్పాలంటే ఫోన్ చెయ్యాలి. ఫోన్ చేస్తే అవతలివాళ్లు ఓదారుస్తారు. అంతకన్నా వెళ్లిపోవడమే తేలికనిపించి చీర ఇస్త్రీ చేసుకుంది.

బావగారికి కళ్లజోళ్ల దుకాణం ఉంది. దుకాణం పొట్ట పోసుకోవడానికి, ప్రాణం మాత్రం సైన్స్ ఫిక్షన్ అభిమానుల సంఘం. ఆయన దాని వ్యవస్థాపకుడు, అధ్యక్షుడు, కుర్చీలు సర్దేవాడు కూడా. మరదలు అంతరిక్ష కేంద్రంలో ఇంజనీరైన రోజు నుంచి ఆమెను ఆటపట్టించని పండగపూట లేదు.

"మీ ల్యాండర్ ఏమిటే మరదలా, నత్తకి అన్నలా ఉంది! మావాళ్లు ఈపాటికి మూడు పాలపుంతలు దాటేశారు."

"మీవాళ్లకి ఇంధనం అక్కర్లేదుగా బావా," అనేది ఆమె.

ఆ ఇంధనమే అయిపోయింది. బుధుడి నుంచి కబురు భూమికి చేరడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. కంట్రోల్ రూములో అందరూ ఊపిరి బిగబట్టి ఎత్తు తగ్గడం చూస్తున్నప్పటికే అక్కడ అంతా ముగిసిపోయింది. తెర మీద అంకెలు ఒకచోట ఆగి, ఇక కదల్లేదు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఏడవలేదు. ఎవరో సీసా మూత తిప్పి నీళ్లు తాగిన చప్పుడు వినిపించింది. తర్వాత డైరెక్టర్ లేచి, "సమీక్ష కమిటీ వేస్తున్నాం. అంతవరకూ బయట ఎవరూ నోరు విప్పొద్దు," అన్నాడు. ఆమె ఇంటికి వచ్చి స్నానం చేసి పడుకుంది. బాగా నిద్ర పట్టింది కూడా.

తీసుకెళ్లడానికి అక్క కారు వేసుకుని వచ్చింది. సగం దారి దాటాక అంది:

"ఏడుపొస్తే ఏడిచెయ్యవే చిట్టీ. లోపల పెట్టుకోకు."

"లోపల ఏమీ లేదక్కా. ఉంటే ఏడిచేదాన్ని."

అక్క ఆమె వంక ఒకసారి చూసి, మళ్లీ రోడ్డు చూసుకుంది.

హాల్లో వేదిక వెనకాల గుడ్డ మీద 'విజయోత్సవ సభ' అని అట్టముక్కలు అతికించి ఉన్నాయి. వాళ్లు వెళ్లేసరికి ఒకాయన స్టూలెక్కి 'విజయోత్సవ' పీకేస్తున్నాడు. చివరికి 'సభ' ఒక్కటే మిగిలి, గుడ్డకి ఒక మూల బిక్కుబిక్కుమంటూ వేలాడింది. గ్రహాంతరవాసుల వేషాలు వద్దని బావ పొద్దున్నే అందరికీ కబురు పెట్టాడట. అయినా మందుల షాపతను మాత్రం మొహమంతా వెండి రంగుతో వచ్చాడు.

"ఏమనుకోకండి మేడమ్," అన్నాడతను చేతులు కట్టుకుని. "నిన్న సాయంత్రమే పూసుకున్నాను. ఎంత రుద్దినా పోవట్లేదు."

"ఫర్వాలేదండీ. బాగుంది," అందామె. మామూలుగా అయితే నవ్వాగేది కాదని తెలుసు. నవ్వు రాలేదని కూడా తెలుసు.

బావ పక్కకి వచ్చి గొంతు తగ్గించాడు. ఇవాళ ఆయన మాటలో వేళాకోళం లేదు. "నువ్వు ఏమీ మాట్లాడకపోయినా సరే. ఊరికే వచ్చి కూర్చున్నావు, అదే పదివేలు. టీ తాగేసి వెళ్లిపోదాం."

"మాట్లాడతాను బావా."

మాట్లాడింది. బుధుడు ఎంత చిన్నవాడో, సూర్యుడికి ఎంత దగ్గరో, అక్కడ దిగడం ఎందుకు కష్టమో, రైళ్ల వేళలు చదివినట్టు చెప్పుకుపోయింది. ముందు వరసలో ఒక కాలేజీ కుర్రాడు కళ్లు తుడుచుకుంటున్నాడు. అతన్ని చూస్తూ, ఆ పని తను చెయ్యాల్సింది కదా అనుకుంది. అంతే, మళ్లీ ప్రసంగంలో పడింది.

అది అయ్యాక రిటైరైన లెక్కల టీచరమ్మ ఒకావిడ లేచింది. సంఘంలో అందరికన్నా పెద్దది, అందరూ అమ్మమ్మగారు అంటారు.

"ఇప్పుడు అక్కడ ఎలా ఉంటుందమ్మా? అది పడినచోట?"

"సగం చీకటిగా ఉంటుందండి. తెల్లవారుజాము లాంటి వేళ దిగాలనుకున్నాం. అక్కడ తెల్లవారడం చాలా నెమ్మది, ఇంకా సూర్యుడు పూర్తిగా పైకి రాలేదు. గాలి లేదు కాబట్టి దుమ్ము తేలదు. లేచిందంతా వెంటనే కింద పడిపోయి ఉంటుంది. చప్పుడు కూడా ఉండదు."

"మరి ఎందుకు పడిందమ్మా?"

బావ వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. డైరెక్టర్ మాట ఆమెకు గుర్తులేక కాదు. దాచడానికి కావలసిన ఓపిక ఒంట్లో దొరకలేదు.

"కింద నేల ఎలా ఉందో ఫొటోలు చూసి కనిపెట్టే ప్రోగ్రాం ఒకటుంది. అది మా బృందం రాసింది. సూర్యుడు కిందనే ఉన్నాడు కాబట్టి ప్రతి బండకీ బారెడు నీడ పడింది. అది నీడని గుంట అనుకుంది. గుంటలో దిగకూడదని పక్కకి జరిగింది. అక్కడా నీడే. మళ్లీ జరిగింది. అలా జరుగుతూ జరుగుతూ ఉండగానే ఇంధనం అయిపోయింది. కమిటీ ఏమంటుందో తెలీదు. నాకు మాత్రం అలాగే కనిపిస్తోంది."

"పాపం," అంది అమ్మమ్మగారు.

ఎవరిని అందో తెలియలేదు. తననో, ఆ యంత్రాన్నో. నిన్నటినుంచీ లోపం అన్నారు, వైఫల్యం అన్నారు, సమీక్ష అన్నారు. ఈ మాట ఒక్కరూ అనలేదు. ఆమె మైకు ముందు అలాగే నిలబడిపోయింది.

ఆ తర్వాత వాళ్లు ఊరుకోలేదు. వెండి మొహం మనిషి లేచి ల్యాండర్‌కి పెద్ద లైటు పెడితే నీడలుండవు కదా అన్నాడు. అంత లైటుకి బ్యాటరీ ఎక్కడిదని వెనకాల నుంచి ఒకరు ఎగిరారు. మిట్టమధ్యాహ్నం దింపెయ్యండన్నారు ఇంకొకరు. "మధ్యాహ్నమైతే సీసం కరిగేంత ఎండండీ, అన్నీ మాడిపోతాయి," అని ఆమె అడ్డొచ్చింది. చూస్తూ చూస్తూ పెద్ద రభసైంది. ఆమె ఒక్కొక్కరికీ జవాబు చెబుతూనే, అక్క చేతిలో పెట్టిన బిస్కెట్ పొట్లం మొత్తం తినేసింది. ముందురోజు నుంచీ ఏమీ తినలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

నీడ గురించి ఆమె చెప్పిన జవాబును ఎవరో ఫోనులో తీసి అందరికీ పంపేశారు. డైరెక్టర్ పిలిపించాడు.

"నోరు విప్పొద్దన్నానా లేదా?"

"అన్నారు సార్."

"మరి?"

"అడిగారు సార్. చెప్పాను."

ఆయన తిట్టడానికి సిద్ధపడ్డవాడల్లా ఆమె మొహం చూసి ఆగిపోయాడు. ఆమెను ఆ పని నుంచి తప్పించి యాంటెన్నాల విభాగంలో వేశారు. ఏ యాంటెన్నా ఏ ఉపగ్రహం మాట ఎప్పుడు వినాలో నిర్ణయించే ఉద్యోగం. అవమానంగా ఉందా అని అక్క అడిగింది. లేదంది. నిజంగానే లేదు. పొద్దున వెళ్లేది, సాయంత్రం వచ్చేది. బావ కథల పుస్తకాలు పంపితే చదివేది. వాటిలో ఓడలు ఎక్కడ పడితే అక్కడ చక్కగా దిగిపోతుంటే విసుగు పుట్టి మూసేసేది. మర్నాడు మళ్లీ తెరిచేది.

కమిటీ నివేదిక వచ్చింది. ఆమె హాల్లో చెప్పిందే, కాస్త పెద్ద మాటల్లో ఉంది. రెండో ల్యాండర్‌కి అనుమతి వచ్చాక డైరెక్టర్ స్వయంగా ఆమె బల్ల దగ్గరికి నడిచొచ్చాడు.

"వెనక్కి వస్తారా?"

"వస్తాను సార్."

"ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు."

"ఆలోచించడానికి ఏముంది సార్, వస్తాను."

ఆమె సంతోషపడుతుందని కాబోలు, ఆయన ఇంకాసేపు నిలబడ్డాడు. ఆమె కంప్యూటర్ కట్టేసి సంచి సర్దుకుంది.

పరీక్షల షెడ్డులో కిటికీలన్నీ నల్లగుడ్డతో మూసేశారు. నేలమీద బూడిదరంగు ఇసుక పోసి, బండలు పేర్చారు. ఒక మూల దీపాన్ని బాగా కిందకి దించి వెలిగిస్తే, ప్రతి బండకీ పొడుగాటి నీడ సాగింది. కెమెరా కట్టిన చట్రం పైనుంచి తాడు మీద మెల్లగా దిగింది. కొత్తగా రాసిన ప్రోగ్రాం కెమెరాతో నేలను చూసింది. కాసేపు తటపటాయించి, పాతదానిలాగే చట్రాన్ని నీడ నుంచి పక్కకి జరిపింది.

దీపం దగ్గర నిలబడ్డ టెక్నీషియన్ ఆమె వైపు చూశాడు.

"పైకి లాగండి," అందామె. "మళ్లీ చూద్దాం."